అద్దం దించిన అల్లుడు

ఆ రోజుల్లో కారు ఏసీ ఎలా వాడాలో నాకు నేర్పినవాడు మెకానిక్ కాదు, ప్లాట్లు అమ్మే మేనేజరు. ఇప్పుడు మేడ్చల్‌లో నాకు కార్ల ఏసీలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. వచ్చినవాళ్ళకి రోజూ అవే మాటలు చెబుతాను. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే ఏసీ వేయకండి, ముందు అద్దాలన్నీ దించి లోపలి వేడిని బయటికి పోనివ్వండి. చల్లబడ్డాక లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి, కానీ దారి పొడుగునా దాని మీదే ఉంచకండి, మధ్యమధ్య బయటి గాలి రానివ్వండి, లేకపోతే తల బరువెక్కి కడుపులో తిప్పుతుంది. దిగడానికి కాస్త ముందే ఏసీ ఆపి ఉత్తి ఫ్యాను తిరగనివ్వండి, లోపలి తడి ఆరిపోయి ముక్కవాసన రాదు. అందరూ తలూపుతారు (ఎవరూ పాటించరు, పాటిస్తే నా దుకాణం మూతపడుతుంది). ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. దీనికోసం నాకు ఉద్యోగం పోయింది, మా మేనత్తకి ఇల్లు పోయింది.

డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో తిట్లు తింటున్నప్పుడు తూంకుంటలో ఒక వెంచర్ ఆఫీసులో పని దొరికింది. పేరుకి మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌ని, చేసేది మాత్రం కస్టమర్లని కారులో సైటుకి తిప్పడం. మేనేజర్ని మేమంతా సల్లటి సారు అనేవాళ్ళం, ఎందుకంటే ఎవరొచ్చినా "సల్లగ కూసోండ్రి" అనే మొదలుపెట్టేవాడు. సైటు శామీర్‌పేట చెరువు దాటాక లోపలికి తిరిగే దారిలో ఉండేది. దానికి ముందున్న మలుపులో దారికి రెండు పక్కలా కోళ్ళఫారాలు. ఆ వాసన ముక్కుతో ఆగేది కాదు, నాలుక మీద కూర్చునేది. గాలి సైటు నుంచి ఫారాల వైపు వీచే పూట చూసి కస్టమర్లని తీసుకెళ్ళేవాళ్ళం కాబట్టి సైటులో పెద్దగా తెలిసేది కాదు, మలుపుతోనే తంటా. అందుకని సల్లటి సారు మా అందరికీ ఒకటే పాఠం చెప్పాడు. "చెరువు దాటంగనే లోపలి గాలి బటన్ నొక్కాలె. సైట్ల దిగేదాక తియ్యద్దు. అద్దం దించినోడు నౌకరి దిగినట్టే." దానికి తోడు డాష్‌బోర్డు మీద మల్లెపూల సెంటు సీసా ఒకటి. ఆ వెంచర్లో సగం ప్లాట్లు ఆ బటనే అమ్మింది.

కొత్తగా చేరినవాడు మొదటి ప్లాటు తన చుట్టాలకే అమ్మాలన్నది అక్కడి రివాజు. నెలాఖరులోగా అమ్మకపోతే ఇంటికే. నాకున్న చుట్టాల్లో చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నది మా మేనత్తకి ఒక్కదానికే. కుత్బుల్లాపూర్‌లో మామ పనిచేసే ఫ్యాక్టరీ అప్పుడే మూసేసి లెక్క తేల్చి పంపారు. జీవితమంతా అద్దె గదుల్లో గడిపిన అత్తమ్మకి సొంత జాగా కావాలని ఒకటే ఆశ. నా ఉద్యోగం, ఆమె ఇల్లు ఒకే కారులో కుదిరిపోతాయనుకుని పొంగిపోయాను. ఆ వయసులో మనిషికి అన్నీ కుదిరేటట్టే కనిపిస్తాయి.

మే నెల మధ్యాహ్నం. ఆఫీసు ముందు మామతో కలిసి కారు ఎక్కుతూనే అత్తమ్మ, "అల్లుడా, నాకు ఏసీ పడదు. అద్దం దించి తీస్కపో బిడ్డా" అంది. ముందు సీట్లో కూర్చున్న సల్లటి సారు వెనక్కి తిరిగి, "అమ్మా, బయట అంత దుమ్ము. సల్లగ కూసోండ్రి" అని లేఅవుట్ బొమ్మ ఉన్న రంగుల కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. అందులో నీలం రంగు ఈతకొలను, పక్కన గొడుగు కింద తెల్లవాళ్ళు. (ఆ కొలను ఇప్పటికీ తవ్వలేదు.) చెరువు దాటాం. నేను బటన్ నొక్కాను. మల్లెపూల సెంటు లోపలే తిరిగింది. వెనక సీటు కనిపించే చిన్నద్దంలో చూస్తే అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మొహం పాలిపోయింది.

"జర అద్దం దించు బిడ్డా, పానం ఒక తీరుగ అయితాంది."

"వచ్చేసినమమ్మా, ఇంకొంచెమే" అన్నాడు సల్లటి సారు, ఫ్యాను పెంచుతూ. సరిగ్గా మలుపు ముందుంది. ఆయన నావైపు చూసిన చూపులో నా జీతం, మా ఇంట్లో నా మర్యాద, అన్నీ కనిపించాయి. వెనక నుంచి అత్తమ్మ, "అల్లుడా" అని ఒక్కమాటే అంది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి. నేను అద్దం దించాను.

వాసన ఒక్కసారిగా మీద పడింది. అంతవరకు వద్దామా వద్దా అని ఆలోచిస్తున్న వాంతికి ఇక ఆలోచించే పని లేకపోయింది. అత్తమ్మ చేతిలో ఉన్నది ఆ రంగుల కాగితం ఒక్కటే కాబట్టి అంతా ఆ ఈతకొలనులోనే పడింది. బండి ఆపాను. మామ నెమ్మదిగా దిగి రెండు పక్కలా చూసి, "సార్, గీ కోళ్ళు గూడ ప్లాట్లనే వస్తయా?" అని అడిగాడు. "ఏం వాసన? నాకు వస్తలేదే" అన్నాడు సల్లటి సారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. అత్తమ్మ మొహం కడుక్కుని, "నీకు దండం బెడ్త, ఇంటికాడ దించు. నువ్వు గన్క అద్దం దించకుంటే గీ కంపుల కొనేటోళ్ళం" అని నా తల నిమిరింది. సాయంత్రం సల్లటి సారు నన్ను పిలిచి, "నీకు ఏసీ వాడుడు రాదు" అని ఇంటికి పంపేశాడు. వాడడం రాకపోతే పోనీ, బాగుచేయడం నేర్చుకుంటానని రోషంతో ఒక మెకానిక్ దగ్గర చేరాను.

కథ అక్కడితో ఆగి ఉంటే నేను మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. కొన్నేళ్ళకి కోళ్ళఫారాలు ఎత్తేశారు. దారి వెడల్పయింది. అద్దాలు మూసుకుని, మల్లెపూలు పీల్చుకుంటూ కొన్నవాళ్ళంతా మేడలు కట్టుకున్నారు. మోసపోయినవాళ్ళు షావుకార్లయ్యారు, మోసం కనిపెట్టినవాళ్ళు అద్దె గదుల్లోనే మిగిలారు. మామ డబ్బు ఆయన మోకాళ్ళకి, అద్దెలకి కరిగిపోయింది. సల్లటి సారు అబద్ధాలన్నీ నిజాలయ్యాయి (కొలను తప్ప), నేను చేసిన ఒకే ఒక్క మంచిపని చుట్టాల్లో సామెతలా మిగిలింది. ఏ పెళ్ళికి పోయినా అత్తమ్మ నన్ను చూపించి, "గీడే అద్దం దించిన అల్లుడు. గట్టిగ మూసుంచొచ్చు గద, ఇంత కక్కుకుంటే సస్తుంటినా?" అంటుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కానీ నాకు ఒళ్ళు మండుతుంది. తల నిమిరిన చెయ్యి కూడా అదే కదా.

పోయిన ఎండాకాలం శామీర్‌పేటలో ఒక పెళ్ళికి ఆమెని నా కారులోనే తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆమెకి ఏసీ లేకపోతే పడదు. దగ్గర దారి అని ఆ మలుపు మీదుగా తిప్పాను. దగ్గర దారీ కాదు, ఏమీ కాదు, ఎందుకు తిప్పానో నాకే తెలియదు. కారు నెమ్మది చేసి, అద్దం దించి, "సూడు అత్తమ్మా, ఇప్పుడేం వాసన లేదు" అన్నాను. మలుపులో ఏదో ఇంటి ముందు ఒక ముసలామె కుర్చీ వేసుకుని మొక్కలకి నీళ్ళు పెడుతోంది. అత్తమ్మ ఆమెనే చూసింది. తర్వాత మెల్లగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అద్దం ముయ్యి బిడ్డా. పానం ఒక తీరుగ అయితాంది."

మూశాను. లోపలి గాలి బటన్ కూడా నొక్కాను, మలుపు పూర్తిగా దాటేదాకా తీయలేదు. సల్లటి సారు చూసి ఉంటే, ఇన్నాళ్ళకి వీడికి ఏసీ వాడడం వచ్చిందని నా ఉద్యోగం నాకు తిరిగి ఇచ్చేవాడు.