చాటలో తంబాకు ఎగరని కారు

పొద్దున ఏడు గంటలకల్లా కామారెడ్డి బస్టాండులో ఉన్నాం, నేనూ మా అవ్వా. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. నా భుజాన సంచి, అందులో మంచినీళ్ల సీసా, ఆధార్ కార్డులు. అవ్వ చంకలో బీడీల చాట. చాటలో తడిగుడ్డ చుట్టిన తునికాకు, పొట్లంలో తంబాకు, దారం ఉండ, కత్తెర.

"కారు చూడ్డానికి పోతున్నాం, చాట ఎందుకే?" అన్నాను.

"నువ్వు కారు సూడు, నేను బీడీలు జేసుకుంట. ఆకు నానవెట్టినంక ఇడిసిపెడితే ఎట్ల బిడ్డా?" అంది. ఆ చాట నాకంటే వయసులో పెద్దది. దానితో నేను ఏనాడూ గెలవలేదు.

అసలు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. అవ్వకు ఒక్కతే చెల్లెలు, మా శాంత చిన్నమ్మ, బీర్కూర్‌లో ఉంటుంది. పోయినేడు స్నానాలగదిలో జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. అవ్వ చూడ్డానికి పోలేకపోయింది. జీవితమంతా బాసిపట్టు వేసుకుని బీడీలు చుట్టిన మనిషి. కాళ్లు కిందికి వేలాడదీసి కాసేపు కూర్చుంటే చాలు, పాదాలు బూరెల్లా ఉబ్బి తిమ్మిర్లెక్కుతాయి. బీర్కూర్ పోవాలంటే బాన్సువాడలో బస్సు మారాలి, ఇప్పుడు బస్సుల్లో నిలబడే చోటు దొరకడమే గొప్ప. అక్కాచెల్లెళ్లు రోజూ సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆపరేషన్ జరిగిన రోజు అవ్వ చాట ముందు కూర్చుని, చేతులు ఆపకుండా బీడీలు చుడుతూనే ఏడ్చింది. ఇక కారు కొనాల్సిందేనని ఆరోజే అనుకున్నాను.

నేను కామారెడ్డిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా ఆయనకు స్టీరింగ్ అంటే భయం. "నువ్వు తోలు, నేను పక్కన కూసొని దండం వెట్టుకుంట" అంటాడు. కుటుంబానికి సరిపడే చిన్న ఎస్‌యూవీ ఒకటి నా కంటికి ఆనింది. దాని పేరు చెప్పను, చెబితే నేనేదో ఏజెంటునని అనుకుంటారు. ఆ బండి ఇప్పటికి మూడు తరాలుగా వచ్చింది. ఏ తరానికి మైలేజీ ఎంత, నేల నుంచి ఎత్తెంత, ఎయిర్‌బ్యాగులెన్ని, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కుట్టుమిషన్ పక్కన ఫోను పెట్టుకుని చూసిన వీడియోలకు లెక్కలేదు. ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టింది కూడా ఆ వీడియోల పుణ్యమే.

మూడు తరాలూ ఒకేచోట చూసే అవకాశం ఎల్లారెడ్డిలో ఉందని షాపుకొచ్చే ఒకావిడ చెప్పింది. అక్కడ రాంరెడ్డి అనే రైతు కొత్త రూపం వచ్చినప్పుడల్లా కొన్నాడట, పాతదాన్ని అమ్మడానికి మనసొప్పలేదట. ఇప్పుడు కొట్టంలో వరికోత మిషన్‌కు జాగా కావాలి. మూడింట్లో ఏదో ఒకటి ఇచ్చేస్తానంటున్నాడు. నాకు మాత్రం ముందే తెలుసు, మూడో తరందే తీసుకుంటానని. దాని డ్యాష్‌బోర్డు మీది పెద్ద తెర, పైకప్పులో తెరుచుకునే అద్దం నా కలలోకి కూడా వచ్చాయి.

ఏడుంబావుకు బస్సు కదిలింది. అదృష్టం కొద్దీ ఇద్దరు కూర్చునే సీటు దొరికింది. అవ్వ ఎక్కీ ఎక్కగానే కాళ్లు పైకి లాక్కుంది. కండక్టర్ మాకు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్లు కొట్టి ఇస్తూ, "అవ్వా, కాళ్లు కిందికి పెట్టరాదు, జర మందికి జాగుంటది" అన్నాడు.

"పెడత బిడ్డా. దిగేటప్పుడు నన్ను నువ్వే ఎత్తుకపోవాలె మల్ల, సరేనా?"

బస్సంతా నవ్వింది. కండక్టర్ నవ్వుతూ ముందుకు పోయాడు. లింగంపేటకు పోతున్న ఒకావిడ మా సీటు పక్కన నిలబడి ఉంది. ఎక్కడికని అడిగింది. కారు చూడ్డానికన్నాను.

"బస్సు ఫిరీ ఉన్నప్పుడు కారెందుకు పిల్లా? డీజిల్ నీ అయ్య పోస్తడా?"

"మా చెల్లెను సూడనీకి" అంది అవ్వ. లింగంపేటలో దిగేటప్పుడు ఆవిడ, "మంచిగ కొనుక్కోండ్రి" అని అవ్వ భుజం తట్టింది.

ఎనిమిదిన్నర దాటాక ఎల్లారెడ్డిలో దిగాం. బస్టాండు ఎదురుగా బండి మీద వేడివేడి మిర్చీలు వేస్తున్నారు. చెరో రెండు తిని, చాయ్ తాగాం. ఈ దారిలో వచ్చేవాళ్లు ఆ మిర్చీలు వదలకండి, కానీ చాయ్‌లో చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పుకోండి. అక్కడి నుంచి షేర్ ఆటోలో రాంరెడ్డి ఇల్లు దగ్గరే. రోడ్డుకు రెండువైపులా వరి పొట్టమీద ఉంది. ఆటోలో ఆ కాస్త దూరానికే అవ్వ రెండుసార్లు కాళ్లు ఒత్తుకుంది.

ఇంటి ముందు మూడు కార్లూ వరసగా నిలబెట్టి ఉన్నాయి, కడిగి తుడిచి. రాంరెడ్డి తెల్ల లుంగీ కట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన భార్య లక్ష్మక్క వెనకాలే నీళ్ల చెంబుతో వచ్చింది.

"ఒక్కొక్కటి తోలి సూడు చెల్లె. నచ్చింది నీది, మిగిలినయి నాయి" అన్నాడు ఆయన.

నేను నేరుగా మూడో తరం దగ్గరికి పోయాను. అబ్బ! ఏం బండి అది! తెర ఎంత పెద్దదంటే మా షాపులో ట్రయల్ అద్దం గుర్తొచ్చింది. మీట నొక్కితే పైకప్పు తెరుచుకుంది. రాంరెడ్డి నా పక్కన, అవ్వా లక్ష్మక్కా వెనకాల. బెల్టులు పెట్టుకోమని అందరికీ చెప్పి, లింగంపేట దారిలో కొంతదూరం తీసుకుపోయాను. చేతిలో వెన్నలా తిరుగుతోంది.

"ఎట్లుందే అవ్వా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా."

ఆ గొంతు నాకు తెలుసు. చీర నచ్చకపోయినా పెట్టినవాళ్లు నొచ్చుకోకూడదని ఇదే గొంతుతో మాట్లాడుతుంది. అద్దంలోంచి చూశాను. ఈ తరంలో సీట్లకు పక్కలు ఎత్తు చేశారు, మనిషి అటూ ఇటూ జారకుండా. మధ్యలో గుంట. అవ్వ కాళ్లు మడుద్దామని చూస్తే మోకాళ్లు ఆ గట్లకు తగులుతున్నాయి. చివరికి కాళ్లు కిందికి దించేసి, చాట ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. చేతులు ఆగిపోయాయి. అవ్వ చేతులు ఆగాయంటే మనిషికి బాగాలేదని అర్థం. అంతలో నా కళ్లు అద్దంలోనే ఉండడంతో ఒక గుంత చూసుకోలేదు. దబ్బున ఎగిరాం. గట్టి స్ప్రింగులు, వెడల్పు టైర్లు. చాటలోంచి తంబాకు లేచి పాలరంగు సీటంతా పరుచుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. దిగీదిగగానే కొంగుతో తుడవబోతే లక్ష్మక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "పోనీ తియ్. మా ఆయన దీంట్ల పిల్లలను సుత ఎక్కనియ్యడు. ఇప్పుడు గిది కారు లెక్కయింది" అని పగలబడి నవ్వింది. రాంరెడ్డి మాత్రం నవ్వలేదు పాపం.

అప్పుడు మొదటి తరం తీశాం. పెట్టెలాంటి బండి. సీట్లు బల్లల్లా సమంగా ఉన్నాయి. అవ్వ ముఖం వెలిగిపోయింది. మా వైపు సక్లం ముక్లం అనే బాసిపట్టు వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఇంట్లో గడపలో కూర్చున్నట్టు కూర్చుంది. కానీ ఇంజను స్టార్ట్ చేస్తే ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇక రోడ్డెక్కాక చూడాలి మా అవస్థ! ప్రతి గతుకుకూ తంబాకు గాల్లోకి లేస్తుంది, దిగుతుంది. ముందు రాంరెడ్డి తుమ్మాడు, తర్వాత లక్ష్మక్క, ఆ తర్వాత నేను. స్టీరింగ్ పట్టుకుని వరసగా తుమ్మడం ఎంత ప్రమాదమో తెలిసి బండి పక్కకు ఆపాను. అవ్వకు మాత్రం అలవాటే, హాయిగా ఉంది.

"గిది వద్దు అక్కా, నీ పుణ్యముంటది" అని రాంరెడ్డి మా అవ్వకు దండం పెట్టాడు.

మిగిలింది రెండో తరం. నిజం చెబుతున్నాను, దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. వీడియోల్లో కూడా దాటేసేదాన్ని. పెద్ద తెర లేదు, తెరుచుకునే కప్పు లేదు, రంగు కూడా బూడిద రంగు. ఏదో చూశామనిపించుకుందామని తీశాను. వెనక సీటు సమంగానే ఉంది, మొదటిదానికంటే మెత్తన. చల్లగాలి వెనకవాళ్లకూ వస్తుంది. ఎల్లారెడ్డి దాటి అవే గుంతల మీదుగా పోయాను. అటు పోయి ఇటు తిరిగొచ్చేదాకా వెనక నుంచి చప్పుడు లేదు. అద్దంలో చూస్తే అవ్వ తల వంచుకుని చుడుతోంది. ఆకు, చిటికెడు తంబాకు, వేళ్ల మధ్య ఒక్క దొర్లింపు, దారం. ఇంటి ముందు ఆపేసరికి కట్ట కట్టి పక్కన పెట్టింది. చాటలో తంబాకు పోసినచోటే ఉంది.

"అప్పుడే ఆపినవేంది? ఇంకో కట్ట అయితుండె" అంది.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అన్ని వీడియోలు చూశాను కదా, వెనక సీట్లో బాసిపట్టు వేసుకోవచ్చో లేదో ఒక్కడైనా చెప్పాడా! వాడు చెప్పకపోతే పోనీ, నేనైనా అనుకోవాలి కదా. ఎవరి కోసం కారు కొంటున్నానో ఆ మనిషిని మరిచిపోయి తెర కోసం ఎగబడ్డాను. తెర వైపు మనసు పీకుతూనే ఉంది, అబద్ధమెందుకు. ఒకసారి మూడో తరం బండి వైపు తిరిగి చూసి, "అన్నా, ఈ రెండోది" అనేశాను.

రొట్టె తిని పొమ్మని లక్ష్మక్క వదల్లేదు. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు. తింటూ అవ్వ చెల్లెలి సంగతంతా చెప్పింది. రాంరెడ్డి చెయ్యి కడుక్కుని వచ్చి తాళంచెవి నా ముందు పెట్టాడు. "బీర్కూర్ ఈడికి దూరమేంది? పోయి మీ చెల్లెను సూసి రాండ్రి. ఆమెకు కూసునస్తదో రాదో అది సుత సూడాలె కద. పొద్దుగూకెవరకు వస్తే బేరం మాట్లాడుకుందం."

"ఉట్టిగ ఎట్ల తీస్కపోతం పటేలా? బయానా ఉండాలె" అంది అవ్వ. బయానా అంటే బేరం మాట తప్పబోమని ముందుగా ఇచ్చేది. మా దగ్గర ఆరోజు ఇచ్చేందుకు ఏమీ లేదు. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, చాట తీసుకుపోయి లక్ష్మక్క ముందు పెట్టింది. "గిది ఈడుంటది. గిది లేకుంట నాకు పొద్దువోదు. ఎట్లయిన మల్లొస్త."

"బయానా ఇస్తున్నవా, నాకు పని పెడుతున్నవా?" అంది లక్ష్మక్క. అందరం నవ్వాం. అవ్వ చాట వదిలి ఊరు దాటడం నేను పుట్టాక చూడలేదు.

నిజాంసాగర్ మీదుగా, బాన్సువాడ దాటి, కాలువ నీళ్లు పారే పొలాల వెంట సాగాం. బీర్కూర్ చేరేసరికి రెండున్నర అయింది. చిన్నమ్మ తన కొడుకు ఇంటి అరుగు మీద చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉంది. కారు ఆగితే ఎవరో అనుకుంది. తలుపు తెరుచుకుని అవ్వ తన కాళ్ల మీద తాను దిగి, తడబడకుండా నడిచి పోయింది. పాదాలు ఉబ్బలేదు. చిన్నమ్మ కర్ర వదిలేసింది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు, వెంటనే తిట్టుకున్నారు.

"యాడాది పట్టిందా నీకు?"

"నువ్వెందుకు పడ్డవే బాత్రూంల, కండ్లు కనవడకనా?"

చాయ్ తాగాక చిన్నమ్మను కూర్చోబెట్టి చూద్దామన్నాను. మొదట వెనక సీటు అంచు మీద ఆనుకుని, తర్వాత మెల్లగా కాళ్లు లోపలికి తిప్పుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. అవ్వ అవతలి తలుపులోంచి ఎక్కి కాళ్లు మడుచుకుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని ముచ్చట్లలో పడ్డారు. కాసేపయ్యాక దిగమన్నాను.

"ఇగ దిగ" అంది చిన్నమ్మ. "నన్ను కామారెడ్డి తోలుకపో. ఓ రెండు చీరెలు సంచిల పెట్టి తెమ్మను."

కొడుకు నవ్వి సంచి తెచ్చి ఇచ్చాడు.

పొద్దుగూకకముందే ఎల్లారెడ్డి చేరాం. రాంరెడ్డితో బేరం చాయ్ చల్లారేలోపే అయిపోయింది. పైసలు, కాగితాలు సోమవారం చూసుకుందాం, బండి తీసుకుపొమ్మన్నాడు. లక్ష్మక్క చాట తెచ్చిచ్చింది. ఆకు ఎండిపోకుండా గుడ్డను మళ్లీ తడిపి కప్పింది. అవ్వ ఒళ్లో పెట్టుకుంటుందని నేను వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. అవ్వ చాట నా చేతికి అందించి, "డిక్కిల పెట్టు బిడ్డా" అంది.

లింగంపేట దాటేసరికి చీకటి పడింది. వెనక అవ్వ సక్లం ముక్లం వేసుకుని, చిన్నమ్మ కాళ్లు కిందికి పెట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, చిన్నప్పటి తగవులన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నారు. ఈ దారిలో కారు చూడ్డానికి పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వీడియోలు చూడండి, తప్పులేదు. కానీ ఎవరి కోసం కొంటున్నారో వాళ్లను, వాళ్ల పనితో సహా, వెనక సీట్లో కూర్చోబెట్టి నాలుగు గుంతల్లో తిప్పండి. మిగతాదంతా బండే చెబుతుంది. పెద్ద తెర సంగతి అంటారా, అద్దంలో ఇద్దరు ముసలివాళ్లు కనబడుతుంటే నాకు అది గుర్తే రాలేదు.

ఇంటి ముందు ఆపాను. దీపాలు వెలుగుతున్నాయి, మా ఆయన గేటు తీసి దండం పెడుతూ నిలబడ్డాడు. దిగండి, ఇల్లొచ్చింది అన్నాను.

కాళ్లు వేలాడదీసి కూర్చోలేక ఏడాదిగా చెల్లెలి దగ్గరికి పోలేని మా అవ్వ, సీట్లోంచి కదలకుండా నా భుజం మీద తట్టింది.

"అప్పుడే వచ్చిందా? టేషన్ దాక ఇంకో చక్కర్ కొట్టరాదు బిడ్డా. మా ముచ్చట ఇంక ఒడువలే."