సుబ్బన్న మండపం ముందు చావని మొక్కలు

ఆళ్లగడ్డలో కొత్తగా కట్టిన ఒక కల్యాణ మండపానికి వచ్చిన మొట్టమొదటి పెళ్లివారిని వాకిట్లోంచే వెనక్కి పంపించిన ఘనుడు ఒకడున్నాడు. వాడి చేతిలో కత్తీ లేదు, కర్రా లేదు. రెండు పూలతొట్లు, కాసిని మొక్కలు, అంతే. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పుడే నంద్యాలలో నర్సరీ తెరిచాను. మొక్కల గురించి నాకు తెలియనిది మొక్కలకు కూడా తెలియదని నా నమ్మకం. మండపం యజమాని సుబ్బన్న కబురు పెడితే, బస్సెక్కి పోయి ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

"మస్తానూ, వాకిట్లో రాతితొట్లు పెట్టాల. మా ఊర్లో రాయి చెక్కేటోళ్లకు కొదవ లేదు. ఆ తొట్లల్లో నిలిచే చెట్లు యాడుండాయో నువ్వు సూడు. ఎండకు రాయి పెనం మాదిరి కాల్తాది. నీళ్లు పోసేదానికి మనిషి దొరకడు."

"చావని చెట్లు తెస్తానన్నా. నాకొదిలెయ్."

"పెండ్లోళ్లు మెచ్చుకుంటే ఏడాదంతా పని నీదే. చెడగొట్నావంటే నంద్యాల దాకా తరుముకుంటా వస్తా."

ఏడాది పని! నా నర్సరీలో అప్పటికి అమ్ముడుపోయినవాటికన్నా ఎండిపోయినవే ఎక్కువ. ఇది దక్కకపోతే నర్సరీ మూసేసి మామగారి చెప్పుల కొట్లో కూర్చోవాలి.

గులాబీ పనికిరాదు, మధ్యాహ్నానికే సొమ్మసిల్లుతుంది. మరేది? శుక్రవారం మా దాదా, అదే మా తాత, సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు జవాబు దొరికింది. చుట్టూ రాయి, పైన ఎండ, నీళ్లు పోసే దిక్కు లేదు. అయినా కలబంద గుబురుగా ఉంది, బిళ్ళగన్నేరు విరగబూసి నవ్వుతోంది. మీరే చెప్పండి, ఇంతకన్నా గట్టి పరీక్ష ఏ వ్యవసాయ కళాశాల పెడుతుంది? ఆ రెండు రకాలే నర్సరీలో సిద్ధం చేశాను.

తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. వేళ్లు పారాలంటే తొట్టి మనిషి పడుకునేంత పొడుగుండాలన్నాను. రోడ్డు మీదికి కనబడాలంటే రెండూ పక్కపక్కనే ఉండాలన్నాను.

"ఒకదాని మీద నీ పేరు, ఇంకోదాని మీద వదినమ్మ పేరు చెక్కిద్దామన్నా. తరతరాలు నిలిచిపోతాయి."

సుబ్బన్నకు కళ్లు చెమర్చాయి. "నా కొడుక్కు గూడా రాలేదురా ఈ ఆలోచన!"

పేర్లతో సహా తొట్లు తయారయ్యాయి, మొక్కలు నాటాను. కోయిలకుంట్ల నుంచి పెళ్లికూతురి తరఫువాళ్లు మండపం చూడటానికి జీపులో వచ్చారు. ముందుగా పెళ్లికూతురి అవ్వ దిగింది. తొట్లు చూసింది. చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించింది.

"అయ్యో, ఎంత పని జరిగె! ఆలుమొగుళ్లు ఒకటేసారి పోయినారా నాయనా?"

"ఎవరవ్వా పోయింది?" అన్నాను.

"ఈడ పేర్లుండాయి కదప్పా!"

సరిగ్గా అప్పుడే సుబ్బన్న తెల్లపంచెలో, భార్యను వెంటబెట్టుకుని చిరునవ్వుతో బయటికొచ్చాడు. "రాండి, రాండి. నేను సుబ్బన్న. ఈమె నా పెండ్లాం లచ్చుమమ్మ."

అవ్వ తొట్ల మీది పేర్లు చూసింది, వాళ్లను చూసింది, కెవ్వుమని అరిచింది.

"శుభమా అని పెండ్లికి మండపం మాట్లాడను వస్తే సమాధులకు మొక్కిస్తాండారా!" అంటూ పెళ్లికూతురి తండ్రి అందరినీ మళ్లీ జీపెక్కించాడు.

సుబ్బన్న నా వైపు తిరిగాడు. "చెట్లు సావవన్యావ్ సరే. మమ్మల్ని సంపుతానని చెప్పకపోతివే!"

"చెట్లు మాత్రం చూడన్నా, ఒక్క ఆకు వాడలేదు," అన్నాను ధీమాగా. ఆయన చూసింది చెట్లకేసి కాదు, తన కాలి చెప్పుకేసి. నేను రోడ్డుకేసి పరుగు తీశాను.

ఇంకా బయలుదేరని జీపులోంచి అవ్వ చెయ్యూపి పిలిచింది. "అబ్బీ, మా ముసలాయన్ను మా చేన్లోనే పూడ్చినాం, ఎండకు పడుండాడు. నీళ్లు పోసేదానికి ఎవురూ పోరు. అట్లాంటి తొట్టి, ఆ చెట్లు పెట్టిస్తావా?"

అంత పరుగులోనూ ఆగి, అవ్వకు మాటిచ్చాను. పెట్టించాను. అది చూసి శిరివెళ్ల వాళ్లు అడిగారు, తర్వాత యాగంటి వైపు వాళ్లు. చెప్పుల కొట్టు తప్పింది.

అందుకని ఇందుమూలంగా అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై రాతి మీద పేరు చెక్కించే ముందు, ఆ మనిషి ఉన్నాడా పోయాడా అని తప్పక విచారిస్తాను. ఇంతవరకు ఉన్నవాళ్ల పేరుకు ఒక్క ఆర్డరూ రాలేదు.