తడ దగ్గర నల్లగుడ్డ మూట

ఆ రోజుల్లో గైడు సారు ఏం చెబితే అది నాకు శాసనం. ఎందుకని అడగాలని కూడా తోచేది కాదు. తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. విదేశంలో కడుతున్న యాంటీప్రోటాన్ ప్రయోగంలో మా సారుకు చిటికెడు వాటా దొరికింది. ప్రోటాన్‌కు విరుద్ధమైన ఆ కణాలను ధారగా పంపి మామూలు ప్రోటాన్లతో ఢీకొట్టిస్తే రెండూ అంతమై కొత్త కణాలు పుడతాయి. ప్రోటాన్‌ను లోపల కట్టి ఉంచే ప్రబల బలం (పేరు పెట్టినవాళ్లకు ఇంతకంటే మంచి మాట దొరకలేదు కాబోలు) సంగతి వాటివల్ల తెలుస్తుంది. అక్కడ పుట్టే సన్నటి మెరుపులను పసిగట్టే గాజు గొట్టం ఒకటి మా చేతికి వచ్చింది. దాన్ని చెన్నైలో పరీక్ష చేయించడానికి మాకు దొరికింది ఒకే ఒక్క మధ్యాహ్నం. సారు దానికి నల్లగుడ్డ చుట్టి, టేపు వేసి, "వెలుతురు సోకనీయొద్దమ్మా" అని పెట్టెలో పెట్టి ఇచ్చారు. తోడుగా నాయన బయల్దేరాడు (మామిడికాయల పెట్టె తప్ప మరో పెట్టె మోసి ఎరగని మనిషి).

తడ చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బస్సు ఆపి సామాన్లు వెతికారు. మహిళా కానిస్టేబుల్ నా ఒళ్లోని పెట్టె మూత తీసి, "ఏంది పాపా ఇది?" అంది.

"గాజు గొట్టం మేడమ్. వెలుతురు తగిలితే పాడైపోతాది."

"అట్లాంటి సామాన్లు ఈడ శానా సూసినాం. ఇప్పు."

నేను నోరు తెరిచేలోపే నాయన గర్వంగా అందుకున్నాడు. "ఉత్త గొట్టం కాదమ్మా. రెండు గుద్దుకోని రెండూ లేకుండా పోతాయంట, దాన్ని సూసేదానికి."

మా ముందు సీటు దంపతులు మెల్లగా దిగిపోయారు. మమ్మల్నీ దింపారు. పదకొండు దాటింది. రెండింటికి నేను చెన్నైలో లేకపోతే రెండేళ్ల పని మట్టిపాలు. ఆమె గోరు టేపు అంచు పట్టింది. నేను మూటను గుండెకు హత్తుకుని, "చీకట్లో ఇప్పుదాం మేడమ్, చేత్తో తడిమి సూడండి" అన్నాను.

"మిట్టమధ్యాన్నం చీకటి యాడుండాది?"

నాయన బస్సులోకి పరిగెత్తి, తిరుమల చలికని యాత్రికులు తెచ్చుకున్న కంబళ్లు మూడు అడిగి తెచ్చాడు. తడ ఎండలో, మూడు కంబళ్ల కింద, ఆమె, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. టేపు ఊడింది. ఆమె వేళ్లు నెమ్మదిగా గాజు మీద నడిచాయి.

"పాలసీసా మాదిరి ఉండాది. దీంతో ఏం కనుక్కుంటారు?"

చెమటలు కారుతుండగా, ఏడుపు ఆపుకుంటూ చెప్పాను.

"అయితే పగలగొడితే గానీ ఇన్నాళ్లూ ఏం పట్టుకోనుండిందో తెలీదంటావు."

"అవును మేడమ్."

"మా ఇంట్లోనూ అంతేలే. సుట్టుకో, పో."

రెండుంబావుకు చేరాం. ఆ పావుగంట ఆలస్యాన్ని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. అక్కడి ఇంజనీరు ట్యూబులైటు కింద, నేను చూస్తుండగానే, గుడ్డంతా విప్పేశాడు. నా కేకకు ఆయన బెదిరిపోయి, "కరెంటు ఇవ్వనప్పుడు వెలుతురు తగిలితే ఏమీ కాదమ్మా, కాసేపు చీకట్లో పెడితే సరి" అన్నాడు. నాయన నావైపు చాలాసేపు చూశాడు. పరీక్ష మాత్రం నెగ్గింది. తిరుగు బస్సులో, "ఆ కంబళ్లిచ్చినోళ్లు యాడన్నా కనపడితే ఈ మాట సెప్పబాక" అన్నాడు.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఆ గొట్టాల గురించి పాఠం చెబుతున్నాను. దేనికి ఏమవుతుందో, దేనికి ఏమీ కాదో తెలుసు కాబట్టి, దేనికోసమూ ఎవరికీ అడ్డంగా నిలబడను. ఏమీ తెలియని ఆ పిల్ల నిలబడింది. తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయగా కూడా ఉంటుంది.