పెద్ద మేడమ్ కార్డు మీది పుస్తకాలు

లైబ్రరీలో ఉద్యోగమంటే రోజంతా కూర్చుని పుస్తకాలు చదువుకోవడమేనని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను ఏమీ అనలేం. మిఠాయి కొట్టువాడు మూడు పూటలా మిఠాయే తింటాడనుకునే రకం.

ఈ లైబ్రరీకి హెడ్డు పెద్ద మేడమ్. కౌంటర్లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, అన్ని కుర్చీలూ దాటుకుంటూ అద్దాల గదిలోకి వచ్చారు. ఆవిడ కింద పనిచేసేవాళ్ళలో సగంమంది నిన్నగాక మొన్న చేరిన పిల్లలు. చెవుల్లో పాటలు పెట్టుకుని పుస్తకాలు సర్దుతారు. టైమవగానే సంచి భుజాన వేస్తారు. ఏం చెప్పినా "ఎందుకు మేడమ్?" అంటారు. ఆ 'ఎందుకు' వింటే పుస్తకాలకు అట్టలు కుట్టే పాతకాపు బైండరుకు ఒళ్ళు మండిపోతుంది. పెద్ద మేడమ్ మాత్రం భోజనం మధ్యలోనైనా జవాబు చెప్పేవారు. జవాబు దొరకని పనిని మర్నాటి నుంచి మానిపించేవారు. పుస్తకం నంబరు రెండు చోట్ల రాసే ఆచారం అలాగే పోయింది. బైండరు వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

పిల్లల్లో అందరికంటే చురుకైన అమ్మాయిని జెట్ అని పిలిచేవారు. ఒకసారి జెట్, ఆలస్యంగా పుస్తకం తెచ్చిన స్నేహితురాలి కోసం కంప్యూటర్లో తేదీ వెనక్కి జరిపింది. అది పెద్ద మేడమ్ కంటపడింది. కేకలు వేయలేదు గాని, "రికార్డు అబద్ధం చెప్పిందంటే ఇది లైబ్రరీ కాదమ్మా, గోడౌను" అన్నారు. ఆ మాటకు జెట్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఐదేళ్ళపాటు ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళని పుస్తకం అల్మరా దిగాలన్నది అక్కడి రూలు. దాన్ని పెట్టించింది వయసులో ఉన్నప్పటి పెద్ద మేడమే. చిరిగిన క్యాలెండరు కూడా పారేయనివ్వని అప్పటి హెడ్డుతో పోట్లాడి మరీ సాధించారు. ఈ ఏడాది చదువుకునే పిల్లలకు బల్లలు వేయడానికి చోటు కావలసి వచ్చింది. తీసేయాల్సిన పుస్తకాలు వెతికే పని జెట్‌కు అప్పగించారు.

నాలుగో రోజు జెట్ అద్దాల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. విషయం బయటపెట్టింది. వెనక గదిలోని ఓ అల్మరా పుస్తకాలు ఏళ్ళ తరబడి ఒకే కార్డు మీద పోయి వస్తున్నాయి. పొద్దున తీసుకోవడం, సాయంత్రం తిరిగి ఇచ్చేయడం. ఐదేళ్ళ గడువు దగ్గరపడినప్పుడల్లా ఇదే తంతు. ఆ కార్డు పెద్ద మేడమ్‌ది.

పెద్ద మేడమ్ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయారు.

"ఎవరికీ చెప్పను మేడమ్. వాటిని లిస్టులోకి రానివ్వను, అంతే" అంది జెట్.

ఆ అమ్మాయి గొంతులో జాలి వినిపించింది. పెద్ద మేడమ్‌ను ఆ జాలే ఎక్కువ బాధపెట్టింది. ఒక్క తలూపుతో పుస్తకాలు దక్కుతాయి, పరువూ దక్కుతుంది. కాని ఇక మీదట ఈ పిల్లలకు ఏ మాట చెప్పాలన్నా తనకు నోరు లేస్తుందా? లేవదని ఆవిడకు వెంటనే తెలిసిపోయింది.

మర్నాడు తలుపులు తెరవకముందే అందరినీ పిలిచారు. ఆ పుస్తకాలన్నీ బల్ల మీద పేర్పించి, తను చేసింది దాచకుండా చెప్పారు. కంచే చేను మేసిందన్నారు. జెట్‌ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడ్డారు.

"వీటిని ఉంచమని అడిగేది నేను. ఉంచాలో తీసేయాలో తేల్చేది నువ్వు" అన్నారు.

హెడ్డును నిలదీసేదేమిటని బైండరు గొణిగాడు. కందకు లేని దురద కత్తికెందుకని ఆవిడే అతని నోరు మూయించారు. నేనైతే అక్కడ నిలబడగలిగేవాణ్ణి కాను, ఏదో మీటింగుందని చెప్పి తప్పుకునేవాణ్ణి.

మొదటి పుస్తకం గడియారాల చరిత్ర. ఎంత మంచి కాగితమో, బొమ్మలెంత బాగున్నాయో పెద్ద మేడమ్ చెప్పుకొచ్చారు. జెట్ అంతా విని, తలొంచుకునే అడిగింది.

"మీరు ఇది చదివారా మేడమ్?"

"లేదమ్మా" అన్నారు పెద్ద మేడమ్. "వీటిలో ఒక్కటీ చదవలేదు. తీరిక దొరికాక చదువుదామని దాచుకున్నాను. ఆ తీరిక ఇప్పటిదాకా దొరకలేదు."

అందరు పాఠకులలాగే ఒక్కొక్కటీ నిజంగా ఇంటికి తీసుకెళ్ళాలి, గడువులోగా చదివి తేవాలి, ఉండాలో పోవాలో వచ్చి చెప్పాలి, చదవనిది పోతుంది. ఇదీ జెట్ తీర్పు. పెద్ద మేడమ్ సరేనన్నారు.

ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తెరిచిన భార్యను చూసి, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆవిడ భర్త ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. విషయం తెలిశాక మాత్రం కూరలు తరిగే పని తన మీద వేసుకున్నాడు.

గడువు రోజున పెద్ద మేడమ్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డారు. ముందున్న కుర్రాడు పక్కకు తప్పుకోబోతే వద్దన్నారు. తన వంతు వచ్చాక గడియారాల చరిత్రను బల్ల మీద పెట్టి, "చదివాను. శుద్ధ దండగ. తీసేయండి" అన్నారు. ఇన్నేళ్ళూ దీన్నా కాపాడింది అంటూ ఆవిడే ముందు నవ్వారు. ఆ తర్వాత పిల్లలూ ధైర్యం చేసి నవ్వారు. తొలగింపు ముద్ర స్వయంగా వేసి, రెండో పుస్తకం తీసుకుని వెళ్ళారు.

రెండోది ఓ ఓడ వంటవాడు రాసుకున్న జీవితకథ. ఈసారి గడువుకు చాలా ముందే వచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు గాని, చెయ్యి తీయలేదు.

"ఇది ఉండాలి" అన్నారు.

"ఎందుకు మేడమ్?" అంది జెట్.

ఎవరు ఎప్పుడు ఎందుకని అడిగినా జవాబు చెప్పే మనిషి, ఆ ఒక్కసారికి చెప్పలేకపోయారు. పుస్తకాన్ని మెల్లగా ఆ అమ్మాయి వైపు జరిపారు.

జెట్ తన కార్డు తీసింది. కంప్యూటర్లో ఆ పుస్తకానికి ఎదురుగా ఇన్నేళ్ళూ ఒకే పేరు. దాని కింద ఇప్పుడు రెండో పేరు పడింది.