అద్దం అవతలి ప్రశ్న

మా పందెం పుంజును జీతానికి మేపిన బాబాయిని తలుచుకుంటే ముందు ఆయన నోరే గుర్తొస్తుంది. పుంజు గొంతులో గురగుర వినిపిస్తే చాలు, దాని ముక్కు తన నోట్లో పెట్టుకుని కఫం లాగి ఉమ్మేసేవారు.

"రోగం అంటుకుంటుంది బాబాయ్!"

"పిల్లోడైతే చీదుతాడండీ. దీనికి చీదడం రాదు గదండీ."

చివరికి ఆయనకే జ్వరం ముదిరింది. అమలాపురం ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. జన్యు పరీక్షలో ఆయన గొంతులోది కోళ్ళ వైరస్ అని తేలింది. ఆయన పెరటి కోళ్ళలో మాత్రం అది లేదు.

"ఏ కోడిదో తెలియకపోతే ఊళ్ళో ఇంకెందరికి అంటుతుందో," అన్నారు డాక్టరుగారు. బాబాయి నోరు విప్పలేదు. నాతో మాత్రం ఫోనులో అన్నారు:

"చెబితే మన పుంజుని చంపేత్తారండీ. మేత తింటందా?"

"ఆయ్," అన్నాను.

అది అప్పటికే చచ్చిపోయింది. కోడిపందేల కేసవుతుందన్న భయంతో నేనే కొబ్బరితోటలో గుట్టుగా పాతిపెట్టాను.

మర్నాడు ఉండబట్టలేక డాక్టరుగారికి చెప్పేశాను. పుంజును తవ్వి తీసి పరీక్షించారు. రెండు వైరస్‌లూ ఒకటే.

వెళ్ళి పుంజును తవ్వి తీసిన మాట చెబితే, బాబాయి అద్దం అవతల ఫోను చెవికి పెట్టుకుని నన్నే చూశారు. తిట్టలేదు.

"ఎప్పుడు పోయిందండీ?" అని అడిగారు.