బండి పోనీ
మా డ్రిల్ మాస్టారు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. నిద్రలోనే, ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా. ఏడుపుకన్నా ముందు నాకు ఒళ్లు మండింది. వచ్చే నెల రైల్వే వాలీబాల్ జట్టుకి ఎంపికలు. నెట్ మీదికి ఇంకా నా చెయ్యి సరిగా లేవదు. మైదానంలోని పెట్టె మీంచి నన్ను ఒక్కసారైనా దూకనివ్వకుండా ఎలా పోతారాయన?

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, మా రైల్వే కాలనీలో, ఆయన దగ్గర ఆడినవాళ్లందరికీ ఈ బాధ తెలుసు. కాళ్లలో బలం కావాలని వెళితే మొదట ఉన్నచోటే చిన్న చిన్న గెంతులు. పిక్కలు పట్టేస్తాయి తప్ప అదొక ఆటలాగే ఉండదు. తర్వాత గొంతుకూర్చుని పైకెగరడం. తొడలకు బలమొచ్చేది దీనితోనే, కానీ దిగేటప్పుడు బరువంతా మోకాళ్ల మీదే. పాత పార్సిల్ పెట్టె మీదికి ఎగరడం చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నిజానికి సుళువు, కిందికి పడేది కాస్తే కదా. అసలు బలమంతా పెట్టె మీంచి దూకి, నేల తగలగానే మళ్లీ పైకి లేవడంలో ఉంది. అది మాత్రం చెయ్యనివ్వరు.

"ఎప్పుడు మాస్టారూ?" అంటే ఒకటే మాట.

"ఎగరడం కప్పకీ ఒచ్చు. ముందు దిగడం నేర్సుకోయే. సప్పుడు రాకుండా దిగిన్నాడు నేనే ఎక్కిత్తాను."

ఆ చప్పుడు వినడానికి కళ్లు మూసుకునేవారు. మా జట్టులోని బెంగాలీ పిల్ల ఒకసారి, "దీదీ, మాస్టార్ సో గయే?" అని నా చెవిలో అడిగింది.

"నిద్ర కాదే, ఇంటన్నాను!" అని కసిరారు.

అంతటితో అయితే బాగుండును. పక్కనే నిమ్‌పురా యార్డు. గూడ్సు కదిలిందంటే ఆయనకు మా కాళ్ల చప్పుడు వినబడదు. "ఆగండి, బండి పోనీ" అని అందరినీ నిలబెట్టేసేవారు. ఖరగ్‌పూర్ లాంటి పెద్ద జంక్షన్‌లో బండి పోవడమంటే మాటలా, ఒకదాని వెనక ఇంకొకటి! ఒంటి మీద చెమట ఆరిపోయేది, కాళ్లు బిగుసుకుపోయేవి.

"ఫోన్‌లో వీడియో తీసి చూడండి మాస్టారూ!" అని ఓసారి అరిచాను.

"మోకాలి గోడు సెవికే తెలుస్తాది" అన్నారు.

ఇన్నేళ్లు ఆడినా మోకాలి నొప్పంటే ఏమిటో నాకు తెలియదు. అది ఆయన చలవే. ఆ మాట చెప్పే సందు ఎప్పుడిచ్చారు గనక, తిట్టుకోవడానికే సరిపోయేది.

ఇవాళ పొద్దున మైదానానికి వెళ్లాను. పెట్టె అక్కడే ఉంది. వద్దనేవాళ్లు లేరు. ఎక్కేశాను. మోకాళ్లు వంచి దూకబోతుంటే యార్డులో గూడ్సు కదిలింది.

ఇదేం ఖర్మ అనుకుంటూ మళ్లీ నిటారుగా లేచాను. పెట్టె మీదే నిలబడ్డాను, బండి పోనీ అని.