కొండ కింద తొమ్మిది ఇళ్ళు

పెళ్ళయిన ఏడాదిన్నర దాకా మా ఆయనా నేనూ నలుగురి చెవిన పడకుండా పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. మా మధ్య తగువేమీ లేదు. మాట్లాడుకోవడానికి చోటు లేదు, అంతే.

మాది మర్రిగూడ దగ్గర పల్లె. రజాకార్లు మా వాడను తగలబెట్టినప్పుడు ఒక బస్తా కందులు, కుట్టుమిషను, రెండు గొంగళ్ళు బండిలో వేసుకుని మా అత్త, మా ఆయన, నేను దేవరకొండ చేరాం. పోలీసు చర్య అయిపోయాక, పల్లెల నుంచి వచ్చినవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ తిరిగి పోతారని ఊరివాళ్ళు అనుకున్నారు. కొందరు పోయారు కూడా. కాని పోయినవాళ్ళకంటే వచ్చినవాళ్ళే ఎక్కువ. పల్లెల్లో దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ళ కోసం మిలిటరీ ఇంకా వెతుకుతూనే ఉంది. కచేరీకి కొత్త గుమాస్తాలు వచ్చారు, బడికి కొత్త పంతుళ్ళు వచ్చారు. మా ఆయన దర్జీ. పల్లెలో ఏడాదంతా కుట్టే చొక్కాలు ఇక్కడ నెలలోనే కుడుతున్నాడు. పల్లెలో మాకు మిగిలింది మసిబట్టిన మొండిగోడలు, పాలుకిచ్చిన కొద్దిపాటి చేను. మేమూ ఉండిపోయాం.

ఉన్నది నాలుగు గదుల పెంకుటింట్లో. ముందుగది ఇంటి యజమానిది. ఆయన ఒకప్పుడు తాలూకా కచేరీలో పేష్కారు, అంటే అధికారి ముందు కాగితాలు చదివి వినిపించే ఉద్యోగి. ముసలితనంలో భార్యతో ఆ ఒక్క గదిలో ఉంటూ మిగతా మూడూ కిరాయికి ఇచ్చాడు. మూడు గదుల్లో నాలుగు కుటుంబాలం. మా గదికి నడుమ గోనెసంచుల తెర కట్టారు. తెరకు ఇటు మేము ముగ్గురం, మిషను. అటు ఒక బడిపంతులు, భార్య, ముగ్గురు పిల్లలు, పంతులు తల్లి. అటు ఎవరైనా దగ్గితే ఇటు నుంచి మేము చెంబుతో నీళ్ళు అందించేవాళ్ళం. పెరట్లో రెండే పొయ్యిలు. తెల్లవారగానే పిండిగిన్నెలు వరసలో పెట్టి ఆడవాళ్ళమంతా వాటి పక్కన కూచునేవాళ్ళం. వరస తప్పించిన మనిషికి ఆ పూట రొట్టె మాడేది. ఎవరు మాడ్చేవారో చెప్పను.

మాట్లాడుకోవడానికి ఒక ఉపాయం మా ఆయనే కనిపెట్టాడు. మిషను తొక్కుతూ ఉంటే ఆ చప్పుడులో మా మాటలు తెర దాటవు. నేను గుండీలు కుట్టే నెపంతో పక్కన కూచునేదాన్ని. ఆయన తొక్కేవాడు, నేను మాట్లాడేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం మాటల్లో పడి, చేతిలోని బట్ట అయిపోయిన సంగతి ఇద్దరం మరిచిపోయాం. ఉత్త మిషను ఆడుతూనే ఉంది. తెర పైనుంచి పంతులు తల్లి తల కనిపించింది.

"ఏందయ్యా, గుడ్డ లేకుండనే కుడుతున్నవు? గాలికి అంగీ కుడుతున్నవా?"

ఇల్లంతా ఒక్కసారి నవ్వింది. పొయ్యి దగ్గరివాళ్ళు కూడా నవ్వారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తాను. మా అత్త మాత్రం నవ్వలేదు. నా వెనకే వచ్చి బావిగట్టు మీద కూచుంది. మా ఊరి నీళ్ళకు ఆమె పళ్ళు గారపట్టి, మోకాళ్ళు కొంచెం వంగి ఉండేవి. కూచోవాలన్నా లేవాలన్నా చేత్తో నేల పట్టుకునేది.

"పిల్లా, గిట్ల కాదు. మనకు ఇల్లు కావాలె."

"ఏడున్నయత్తా ఇండ్లు?"

"లేకుంటే కట్టాలె. ఇండ్లు చెట్లకు కాస్తయా?"

నిజానికి ఊళ్ళో ఒక్క ఖాళీ ఇల్లు లేదు. కొత్తగా కట్టేవాళ్ళూ లేరు. పేరున్న మేస్త్రి ఒక్కడే. మంచివాడు, ఎవరు పిలిచినా కాదనలేడు. అదే ఆయన జబ్బు. పొద్దున ఒకరింట్లో రెండు రాళ్ళు పెట్టేవాడు, మధ్యాహ్నం ఇంకొకరింట్లో మూల కట్టేవాడు, సాయంత్రం మూడోవాళ్ళకు రేపు వస్తానని చెప్పేవాడు. బజారులో ఒక షావుకారి కూతురి పెళ్ళికని మొదలుపెట్టిన అరుగు, ఆ కూతురికి బిడ్డ పుట్టేనాటికి మోకాలెత్తు లేచింది. ఆ బిడ్డ దాన్ని పట్టుకునే నడక నేర్చింది.

జాగా లేక కాదు. కొండ కింద తూర్పువైపు సర్కారు జాగా సీతాఫలం పొదలతో బీడుగా పడి ఉంది. దాని కోసం మాతో, పంతులుతో కలిపి ఎనిమిది కుటుంబాలవాళ్ళం అంతకు ముందే ఉర్దూలో అర్జీ పెట్టాం. ఈలోగా ప్రభుత్వం మారింది. కొత్త తహసీల్దారు కోస్తా నుంచి వచ్చాడు. ఆయనకు ఉర్దూ రాదు. ఉర్దూ వచ్చిన గుమాస్తా హైదరాబాదు వెళ్ళిపోయాడు. అర్జీ కట్టలో పడుకుంది.

బావిగట్టు మీద ఆ మాట అన్న మరుసటి రోజే అత్త నన్ను వెంటబెట్టుకుని కచేరీకి నడిచింది. తహసీల్దారు నిండా ముప్పై దాటని మనిషి. అత్త దండం పెట్టి, "జర సూడుండ్రి దొరా," అంది.

ఆయన కంగారుగా కుర్చీలోంచి లేచాడు. "జ్వరమా? జ్వరమైతే ఇక్కడికెందుకు తీసుకొచ్చారమ్మా ఈ అమ్మాయిని? ఆసుపత్రికి వెళ్ళాలి కదా!"

"దవాఖాన కాదు దొరా, ఇల్లు. పిల్లకు జరం లేదు, ఇల్లు లేదు."

పక్కనున్న జవాను నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మా 'జర' అంటే 'కొంచెం' అని అర్థమై తహసీల్దారు తనూ నవ్వాడు. అత్త చెప్పిందంతా విన్నాడు. ఆయన కుర్చీ వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల కాగితాల కట్టల మీద చీరలు, పసిపిల్ల గౌన్లు ఆరేసి ఉన్నాయి. తాలూకాకు పెద్ద అయిన మనిషికి కూడా ఊళ్ళో ఇల్లు దొరక్క, పెళ్ళాం బిడ్డతో కచేరీ వెనక గదిలో కాపురం పెట్టాడు. నా చూపు అటు పోవడం గమనించి ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"స్థలం ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదమ్మా. కాని ఆ అర్జీలో ఏముందో ఎవరైనా చదివి చెప్పాలి. ఊరి పెద్దలు కూడా సరేననాలి."

ఊరి పెద్దలంటే మా పేష్కారు ఇంటి అరుగు మీద సాయంత్రాలు కూచునే నలుగురైదుగురు. మాట అక్కడికి చేరగానే వాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. పల్లెలోళ్ళు ఇవాళ కాకపోతే రేపు పోతారు, ఆ ఇళ్ళు పాడుపడతాయి అన్నారొకరు. మేకలు ఎక్కడ మేయాలన్నారొకరు. పేష్కారు గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు.

"కొండ కింద ఇండ్లు లేస్తే ఊరికి గాలి ఆగుతది."

గుమ్మంలో నిలబడి వింటున్న మా అత్త ఊరుకోలేదు. "గింత పెద్ద గుట్టకే ఆగని గాలి మా మట్టిగోడకు ఆగుతదా, పేష్కారన్నా?"

అరుగు మీద ఒకాయన పక్కున నవ్వి, మళ్ళీ నవ్వనట్టు మీసం దువ్వుకున్నాడు. మాట మాత్రం ముందుకు సాగలేదు. మేము మళ్ళీ పిండిగిన్నెల వరసలోకి, గోనెతెర దగ్గరికి వచ్చిపడ్డాం. నాకు ఏడుపొచ్చింది. అత్తకు రాలేదు. "ఆగు పిల్లా, వాళ్ళింట్ల గూడ ఆడపిల్లలున్నరు," అంది. ఆమె ఎందుకలా అందో నాకప్పుడు తెలియలేదు.

నెల తిరక్కుండా పేష్కారు కూతురు దిగింది. హైదరాబాదులో అల్లుడి కొలువు పోయింది. ఇద్దరూ నలుగురు పిల్లలతో, మూడు ట్రంకుపెట్టెలతో బస్సు దిగి తిన్నగా పుట్టింటికి వచ్చారు. ముందుగది నిండింది. పేష్కారు మంచం అరుగు మీదికి వచ్చింది. పెద్దమనుషులు కూచునే చోట మనవలు గోలీలాడారు. నాలుగో రోజు ఆయన మా గుమ్మం దగ్గర నిలబడి, చాలాసేపు తలపాగా సర్దుకున్నాడు.

"చెల్లె, ఏమనుకోకు. మీరు జర గది ఖాళీ చేయాలె."

"చేస్తం అన్నా. సామాను ఇప్పుడే కట్టుకుంటం. ఎటు పోవాలెనో నువ్వే చెప్పు."

అత్త వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆయన మా మిషను వైపు చూశాడు, గోనెతెర వైపు చూశాడు. తెర చిరుగులోంచి పంతులు చిన్నకూతురు ఆయన్నే చూస్తోంది. ఆ పిల్ల వైపు చూస్తూనే అడిగాడు:

"ఆ అర్జీ ఏడున్నది?"

"కచేరీల పడి ఉన్నది. సదివెటోడు లేడంట."

"నేను బతికుండంగ సదివెటోడు లేడా?"

ఆ మాటతో పాత పేష్కారు లేచాడు. ఎప్పటి షేర్వానీయో పెట్టెలోంచి తీయించాడు. దానికి తెగిన మూడు గుండీలు నేనే కుట్టాను. కచేరీకి వెళ్ళి అర్జీ కట్ట విప్పించి, ఒక్కొక్క వాక్యం ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాడట. అర్జీలో లేని మాటలు కూడా రెండు కలిపాడని జవాను తర్వాత చెప్పాడు. చివర కూతురి కోసం ఒక ఇంటి జాగా అడిగి తన సంతకమూ పెట్టాడు. ఎనిమిది ఇళ్ళు తొమ్మిదయ్యాయి. అరుగు పెద్దలు గాలి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

జాగా ఇస్తూ కచేరీ హుకుం చేతికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. వానలలోపు కట్టుకోకపోతే ఇంకో ఏడాది పోతుంది. మేస్త్రి దగ్గరికి పోయి నిలబడితే, తొమ్మిది ఇళ్ళకూ రేపే వస్తానన్నాడు. ఆయన రేపు ఎట్లాంటిదో తెలిసిన మా అత్త, ఆయన చేయి పట్టుకుని కొండ కిందికి తెచ్చి, రాయి మీద గొంగడి పరిచి కూచోబెట్టింది.

"నువ్వు చేయి పెట్టకు తమ్మీ. మేము కడతం. నువ్వు ఈన్నే కూసొని తప్పులు చెప్పు, చాలు."

మేస్త్రి జీవితంలో ఎవరూ ఆయనకంత గౌరవం ఇవ్వలేదు. మర్నాడు మాకంటే ముందే వచ్చి కూచున్నాడు. ఎండిన కుంటలోంచి మట్టి తవ్వి తెచ్చాం. గడ్డి తరిగి కలిపాం, గుంటలో వేసి నీళ్ళు పోసి నానబెట్టాం. తెల్లారగానే తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళం కుచ్చిళ్ళు ఎగగట్టి గుంటలోకి దిగేవాళ్ళం. పేష్కారు కూతురు పట్నంలో పెరిగిన సుకుమారి. మొదటిరోజు ఒక కాలు పెట్టి తీసేసింది. మూడోరోజుకు అందరికంటే జోరుగా తొక్కుతూ పాటెత్తుకుంది. మా అత్త ఆ వంగిన మోకాళ్ళతో తొక్కలేకపోయేది. మట్టి ముద్ద చేతిలోకి తీసుకుని నలిపి, "ఇంక ఒక ఘడియ తొక్కుండ్రి," అని తీర్పు చెప్పేది. మూడుసార్లు ఇల్లు కట్టిన మనిషి, ఆమె మాటకు ఎదురు లేదు.

గోడ రోజుకు ఒక్క వరస. ఆరాక పైన ఇంకో వరస. ఎవరిది ముందు ఎవరిది వెనక అని పోట్లాట రాకుండా, తొమ్మిది ఇళ్ళ గోడలూ సమంగానే లేపాం. మా ఇంటి పడమటి గోడ మాత్రం మా ఆయన ఒక్కడే పెట్టాడు. గుడ్డ మీద గీత తప్పని మనిషి గోడ మీద తప్పాడు. నడుమ కడుపు ముందుకొచ్చింది.

మేస్త్రి గొంగడి మీద నుంచి అరిచాడు. "దర్జీ! నీ గోడ నీళ్ళోసుకున్నది. ఎన్నో నెల?"

నవ్వి నవ్వి ఆ పూట పని సగమే అయింది. గోడ పడగొట్టి మళ్ళీ పెడతానంటే, నిలబడుతుంది వదిలేయమన్నాడు మేస్త్రి. నిలబడింది. దానికి మేకు కొట్టి ఏది తగిలించినా గోడకు ఆనకుండా వేలాడేది.

పైకప్పుకు వాసాలు, వాటి మీద కంప, మట్టి, అన్నిటి మీద చౌడు పరిచి మిద్దె వేశాం. పాత పశువులకొట్టం తలుపులు పేష్కారు విప్పించి తెచ్చాడు. అవి నాలుగిళ్ళకు సరిపోయాయి. మిగతావాళ్ళం గోనెపట్టాలు కట్టుకున్నాం. గోనెపట్టా అలవాటైనదే కాబట్టి ఎవరికీ బాధ అనిపించలేదు.

మృగశిర కార్తెలో పాలు పొంగించాం. ఆ మర్నాడే అత్త మూట కట్టింది. పల్లెలో చేను దున్నించాలి, పది రోజుల దాకా రానంది. చేను పాలుకిచ్చి ఉంది, దున్నించే పని మాది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. గడప దాటి వెనక్కి తిరిగి, నా మొహం చూడకుండా, "జొన్నపిండి కుండల ఉన్నది," అని చెప్పి బండెక్కింది.

ఆ రోజు పొద్దున్నే నా సొంత పొయ్యి మీద, ఎవరి వరసా లేకుండా, రొట్టెలు చేశాను. మా ఆయన ఎదురుగా కూచున్నాడు. ఇంట్లో మేమిద్దరమే. తీరా చూస్తే ఇద్దరికీ మాట దొరకలేదు. ఏడాదిన్నర దాచుకున్నవన్నీ ఎటు పోయాయో తెలియదు. చివరికి ఆయనే అన్నాడు.

"రొట్టె మంచిగున్నది."

"ఇంకొకటి తింటవా?"

"తింట."

అక్కడి నుంచి మొదలై సాయంత్రం దాకా ఆగలేదు. ఆ రోజు ఒక్క చొక్కా కూడా కుట్టలేదు. పంతులు పెళ్ళాం రెండుసార్లు నిప్పు కోసం వచ్చి, గోనెపట్టా ఎత్తకుండానే బయటి నుంచి, "తర్వాత ఒస్తలే," అని వెళ్ళిపోయింది. ఆ ఏటి వానలకు మిద్దె రెండుచోట్ల కురిసింది, గిన్నెలు పెట్టుకున్నాం. ఒక్క ఇల్లూ కూలలేదు.

మరుసటి వేసవికి కచేరీ గుమాస్తాలు, కేతేపల్లి వైపు నుంచి వచ్చిన రెండు రైతు కుటుంబాలు మా వరస పక్కన జాగా తీసుకున్నారు. తహసీల్దారు భార్య ఒకరోజు బిడ్డను చంకనేసుకుని వచ్చి, మట్టిలో కాలు పెట్టి చూసి, "అబ్బ, ఎంత చల్లగా ఉందండీ!" అంది. ఆవిడ ఇల్లూ ఆ వరసలోనే లేచింది. అందరితో పాటు నేనూ గుంటలోకి దిగబోతే, అత్త నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. నాకు అప్పుడు ఆరో నెల. నీడలో పీట వేసి, ఒళ్ళో గడ్డికట్ట పెట్టి తరగమంది. నేను తరుగుతూ కూచున్నాను.